లండనులో వ్రాసిన డైరీ

అది 1888వ సంవత్సరము నవంబరు నెల 12వ తేదీ. నెలన్నర క్రిందట ఓడ దిగిన పందొమ్మిదేండ్ల గుజరాతీ యువకుడొకడు లండను నగరమున నోటుపుస్తకము తెరచి వ్రాయుటకు పూనుకొనెను. ఆరు దినముల క్రిందటనే ఇన్నర్ టెంపుల్ అను న్యాయవిద్యా సంస్థలో అతని పేరు నమోదై యుండెను. ఎదుట మూడేండ్ల చదువు. వెనుక రాజకోటలో తల్లి, భార్య, నెలల బిడ్డ, ప్రయాణమునకు డబ్బు సమకూర్చిన అన్న. అతని మాతృభాష గుజరాతి. పుస్తకము తన సొంతము; దానిని చూపవలసిన ఉపాధ్యాయుడు లేడు, చదువవలసిన పరీక్షకుడు లేడు. అయినను అతడు వ్రాయ మొదలిడినది ఇంగ్లీషులో.

ఆ యువకుడు మోహనదాస్ కరంచంద్ గాంధీ. నాటికి ఆయన మహాత్ముడు కాడు, బారిస్టరు సయితము కాడు. కావున ఈ ప్రసంగమున ఆ విద్యార్థిని ఏకవచనముతోనే పేర్కొనుచున్నాను. శ్రోతలును పాఠకులును మన్నింతురుగాక!

డైరీ వ్రాయవలెనని సంకల్పింపని విద్యావంతుడు మనలో అరుదు. జనవరి మొదటి తేదీన అందమైన అక్షరములతో ఆరంభమగు ఆ వ్రతము సంక్రాంతి పండుగ సందడిలో మందగించి, శివరాత్రి నాటికి చాకలి పద్దులకు పరిమితమగుట మన యిండ్లలో అనుభవైకవేద్యమే. పరదేశమున చదువుకొను విద్యార్థి సంగతి వేరు. అతనికి దినమును పంచుకొనుటకు ఇంట ఎవరును లేరు. గడచిన గంటలకు, ఖర్చయిన కాసులకు సాక్షి ఆ పుస్తకమొక్కటే. అట్టి పుస్తకము పరభాషలో నడచినప్పుడు అది దినచర్యయు అగును, పాఠమును అగును. మోహనదాసు డైరీ అట్టిదే.

ఆ పుస్తకమున సుమారు 120 పుటలు ఉండెడివి. నేడు మనకు మిగిలినవి దాదాపు 20 మాత్రమే. అవియు మూలప్రతి కాదు, నకలు. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి సహచరుడును, వరుసకు అన్నకుమారుడును అగు ఛగన్‌లాల్ గాంధీ లండనుకు చదువుకొన పోవు సందర్భమున గాంధీజీ ఆ పుస్తకమును ఆయనకిచ్చిరి. ఛగన్‌లాల్ దానిలో ఇరువది పుటలంతటి భాగమును తన పుస్తకములో ఎత్తి వ్రాసికొనిరి. ఆ భాగమే 1958లో వెలువడిన గాంధీజీ సమగ్ర రచనల ప్రథమ సంపుటమున చోటు చేసికొన్నది. మిగిలిన నూరు పుటలు అల్లిక గల కథనము కాదనియు, ఏనాటి ముచ్చట ఆనాడు వ్రాసికొన్న దినవారీ పద్దు మాత్రమేననియు సంపాదకులు అచ్చట వివరించిరి. నకలు వ్రాసినవారి దృష్టిలో కథ విలువైనది, పద్దు కాదు. ఈ విషయమునకు మరల వత్తును.

మొదట ఆ ఇంగ్లీషు సంగతి. మోహనదాసునకు ఇంగ్లీషు చదువు కొత్త కాదు. 1887లో మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణుడై, భావనగరులోని సామల్‌దాస్ కళాశాలలో ఒక టరము చదివెను. అచ్చట ఆచార్యుల ఉపన్యాసములు అతనికి కొరుకుడు పడలేదు. నోట మాట పెగలుట అంతకంటె కష్టము. విలాయతికి ధనసహాయము కోరి పోరుబందరు సంస్థాన పరిపాలకుడు లేలీ దొరను చూడబోయినపుడు నాలుగు వాక్యములు ముందుగా కంఠస్థము చేసికొని వెళ్లెను. దొరగారు మేడమెట్లు ఎక్కుచునే, ముందు బి. ఏ. ప్యాసు కమ్మని చెప్పి పైకి పోయిరి. వల్లించిన వాక్యములు వల్లించినట్లే మిగిలిపోయినవి. రాజకోట పాఠశాలలో తోడి విద్యార్థులు వీడుకోలు సభ చేసినపుడు, కాగితముమీద వ్రాసి తెచ్చుకొన్న కృతజ్ఞతావాక్యములను సయితము తడబడుచు చదివెను. తల తిరిగినది, ఒడలు వణకినది. ఇది 1888 జూలై నాటి మాట.

సెప్టెంబరు 4వ తేదీన బొంబాయిలో క్లైడ్ అను స్టీమరు ఎక్కెను. అప్పటికే కులపెద్దలు అతనిని వెలివేసిరి. అతనికి సాయపడినవారికి, వీడ్కోలు చెప్పుటకు రేవునకు పోయినవారికి రూపాయి పావలా జుల్మానా అని శాసించిరి. ఓడలో తోడు జునాగఢము వకీలు త్ర్యంబకరాయ మజుందారు. ఆయన అందరితో కలసిమెలసి తిరుగుచు, ఇంగ్లీషు మనభాష కాదు గనుక తప్పులు దొర్లుట సహజమేనని ధైర్యము చెప్పుచుండెను. మోహనదాసు మాత్రము గది వదలెడివాడు కాడు. ఇంగ్లీషువారు పలుకరించినచో వారి మాట బోధపడదు. బోధపడినను, ప్రతి వాక్యమును మనస్సులో ముందుగా కూర్చుకొనక పెదవి కదలదు. ముల్లును కత్తియు పట్టుట తెలియదు. ఏ వంటకములో మాంసమున్నదో వడ్డించువారిని అడుగుటకు నోరు రాదు. ఇంటినుండి తెచ్చుకొన్న మిఠాయిలు, పండ్లు తినుచు గదిలోనే కాలక్షేపము.

ఇట్టి మూగబాలుడు లండను చేరిన నెలన్నరకు ఇంగ్లీషులో పుటలకు పుటలు వ్రాయుటను డాబు అనుకొనుట పొరబాటు. పెదవికి రాని భాషను చేతికి అలవరచుకొను సాధన అది. కలము ఆగినను ఎదుట నిలిచి చూచువాడు లేడు. కొట్టివేసి మరల వ్రాయవచ్చును. ఆ మిగిలిన పుటలు చదివినచో ఇంగ్లీషు వాచకములలోని పడికట్టు మాటలు అందందు తారసిల్లును; మన విద్యార్థులు వ్యాసములలో పొదిగెడి అలంకారములే అవి. కాని వానిని ప్రక్కకు నెట్టి ఒక చురుకైన చూపు బయటపడుచుండును.

డైరీ ఎత్తుగడయే ఒక ప్రశ్న: లండను పోవలెనను తలపు అసలెట్లు కలిగినది? అచ్చటినుండి ఏప్రిలు మాసాంతము మొదలు జరిగిన యత్నములను వరుసగా చెప్పుకొనిపోవును. ఎవరెవరిని యాచించెనో, ఎవరేమని త్రిప్పి పంపిరో దాచుకొనలేదు. కాఠియావాడు పొలిటికల్ ఏజెంటు కర్నల్ వాట్సన్ ఒక పరిచయ లేఖ ఇచ్చి, ఇది లక్ష రూపాయల పెట్టు అని దర్పముగా పలికెనట. అది తలచుకొన్నచో ఇప్పుడు నవ్వు వచ్చుచున్నదని ఆ పందొమ్మిదేండ్లవాడు వ్రాసికొనెను. రాజకోటలో దొర యెదుట నవ్వుటకు వీలులేదు. లండనులో, దొరల భాషలోనే, తనలో తాను నవ్వుకొనెను.

ప్రయాణవర్ణనము ఏడెను, సూయెజ్ కాలువ, పోర్ట్ సయీదు, బ్రిండిసి, మాల్టా, జిబ్రాల్టరుల మీదుగా సాగును. సూయెజ్ కాలువను త్రవ్వించిన మానవబుద్ధికి అతడు విస్తుపోయెను. లండనులో దిగిన విక్టోరియా హోటలు ముచ్చట అన్నిటికంటె సొగసైనది. ఎటు చూచినను విద్యుద్దీపములు. నౌకరు ఒకచోట ఏదో నొక్కగా తలుపు తాళము తీయుచున్నాడు కాబోలు అని యితడు తలచెను, అది గంట. తలుపులు తెరచుకొన్నవి. లోపల కొంతసేపు కూర్చుండుటకు ఏర్పరచిన గది అనుకొని ప్రవేశించెను. చూచునంతలో రెండవ అంతస్తునకు చేరి యుండెను! లిఫ్టును తొలిసారి ఎక్కిన వాని విస్మయమును ఇంత నిజాయితీగా చెప్పినవారు ఎందరుందురు?

పోలికకు ఒక చిన్న వివరము. గాంధీజీ తమ ఆత్మకథను 1925 మొదలు 1929 వరకు ‘నవజీవన్’ పత్రికలో గుజరాతీలో ప్రకటించిరి. అందులో తాము ఓడ దిగినది సౌదాంప్టను రేవున అని వ్రాసిరి. డైరీలో ఉన్నది టిల్బరీ. పరిశోధకులు టిల్బరీయే సరియని తేల్చిరి. సుమారు నలువదేండ్ల వెనుకటి జ్ఞాపకము కంటె ఆరు వారములనాటి జ్ఞాపకము నమ్మదగినదగుట సహజమే. ఇది రేవుపేరు, దీనివలన ఎవరికిని నష్టము లేదు. ఇంతకంటె బరువైన తేడా మరియొకటి కలదు.

ఆ యేడు ఆగస్టు 10వ తేదీన మోహనదాసు రాజకోట విడిచి బొంబాయికి బయలుదేరెను. ఆ ఘట్టమును ఆత్మకథ ఒక్క వాక్యములో దాటివేయును: తల్లి అనుజ్ఞను, ఆశీస్సులను పొంది, కొద్ది నెలల బిడ్డతో భార్యను విడిచి, ఉల్లాసముగా బొంబాయికి తరలినట్లు. చదువరికి అందు అగపడునది పరదేశము చూడ ఉవ్విళ్లూరు కుర్రవాడే. ఇక 1891 జూన్‌లో లండను ‘వెజిటేరియన్’ పత్రికలో వెలువడిన అతని ఇంగ్లీషు సంభాషణమును తెరచి చూడుడు. తల్లి కన్నీటిని చేతులతో కప్పుకొన్నది. ఏడ్పు మాత్రము వినబడుచునే ఉన్నది. చుట్టును సుమారు ఏబదిమంది మిత్రులు. ఏడ్చినచో పిరికివాడందురను బిడియముతో కొడుకు ఏడ్వలేదు. గుండె మాత్రము పగిలిపోవుచున్నది. పిమ్మట భార్యవద్ద సెలవు తీసికొనుట. పదిమంది యెదుట భార్యతో మాటాడుట ఆచారము కాదు గనుక వేరు గదిలోనికి పోయెను. ఆమె అప్పటికే వెక్కివెక్కి యేడ్చుచున్నది. ఇతడు క్షణకాలము మూగబొమ్మవలె నిలచి, ఆమెను ముద్దిడెను. వెళ్లవద్దని ఆమె అన్నది. తరువాత జరిగినది చెప్పనక్కరలేదని పలికి అచ్చట ఆగెను.

కస్తూరిబా పలికిన ఆ రెండు మాటలు మనకు దక్కినది ఈ పరభాషా సంభాషణము వలననే. ఆమె వాటిని గుజరాతీలోనే పలికియుండును. ఇంగ్లీషు ఆమెకు రాదు. భర్త వాటిని ఆమెకు తెలియని భాషలోనికి మార్చి, ఆమె చదువజాలని పత్రికలో భద్రపరచెను. ఇది తలచినప్పుడు మనస్సు ఒకింత కలుక్కుమనును. కాని అదే మోహనదాసు నాడు గుజరాతీలో చెప్పియున్నచో ఆ ముద్దును గూర్చి చెప్పియుండునా? నాకు సందేహమే. మాతృభాషలో ప్రతి మాటకును వెనుక ఇంటి పెద్దలు నిలచియుందురు. ఏది అనవచ్చును, ఏది అనరాదు అను కట్టుబాటు మాటతోపాటే పుట్టును. పరభాషలో ఆ పెద్దలు కానరారు. మనసులోని మాటకు అది ఒక తెరచాటు. గురజాడ అప్పారావుగారు తెలుగు మాటకు అంత పాటుపడియు తమ డైరీలు ఇంగ్లీషులో వ్రాసికొనిరి. ఆ కాలపు చదువుకొన్నవారిలో ఇది సర్వసాధారణము. దానిని కేవలము దాస్యబుద్ధి యని కొట్టివేయుట నా మనస్సునకు ఒప్పదు.

ఇక ఆ పోయిన నూరు పుటలు. వానిలోని వాక్యములు మనకు లేవు గాని, అవి వ్రాసిన కాలమున ఆ విద్యార్థి దినము ఎట్లు గడచెడిదో ఆత్మకథ వలన తెలియును. మొదటి దినములలో దొరబాబు కావలెనను సరదా పట్టినది. పందొమ్మిది షిల్లింగుల టోపీ. బాండ్ వీధిలో పది పౌనులు పోసి కుట్టించిన సాయంకాలపు దుస్తులు. నాట్యము నేర్చుటకు మూడు పౌనులు. పాశ్చాత్య సంగీతము చెవికెక్కుటకై మూడు పౌనుల ఫిడేలు. వక్తృత్వ గురువునకు ఒక గినీ. ఈ ఉబలాటము మూడు మాసములు సాగినది. తాను ఇంగ్లండులో కాపురముండబోవుట లేదు, విద్యార్థిగా వచ్చితినని మోహనదాసునకు స్ఫురించి, గురువులకు ఉత్తరములు వ్రాసి చాలించెను. ఫిడేలును, వచ్చిన వెలకు అమ్మిపెట్టుమని నేర్పినామెనే కోరెను.

ఆ ఉబలాటపు దినములలో సయితము తప్పనిది ఒకటి కలదు, లెక్క. ప్రతి ఫార్తింగును పుస్తకమున కెక్కెడిది. ఫార్తింగనగా పెన్నీలో నాలుగవ వంతు, మన పాత దమ్మిడీవంటి నాణెము. బస్సు కిరాయి, తపాలా బిళ్లలు, వార్తాపత్రికకు పెట్టిన ఒకటి రెండు రాగినాణెములు, ఏదియు విడువక వ్రాసి, రాత్రి పరుండుటకు ముందు నిలువ సరిచూచుకొనెడివాడు. ఆ సొమ్ము అన్నగారిది. అచ్చట కుటుంబము ఎట్లు నెట్టుకొనివచ్చుచున్నదో తలచినకొలది ఖర్చు తగ్గింపవలెనను పట్టుదల హెచ్చినది. రెండు గదులు విడిచి ఒక గదిలోనికి మారెను. ఒక పొయ్యి కొని, ఉదయము ఓట్ల జావ, కోకో తానే కాచుకొనెను. మధ్యాహ్నము బయట భోజనము. రాత్రి రొట్టె, కోకో. దినమునకు ఒక షిల్లింగు మూడు పెన్నీలతో గడపెను. బస్సు ఎక్కుట మాని దినమునకు ఎనిమిది పది మైళ్లు నడచెను.

డబ్బునకు లెక్క ఉన్నట్లే కాలమునకును ఉండెను. బారిస్టరు పరీక్ష అంత శ్రమ కాదని విని, లండను మెట్రిక్యులేషనుకు కూడ పూనుకొనెను. అందు లాటిను తప్పనిసరి. మరియొక ఆధునిక భాషగా ఫ్రెంచి. అనగా ఒక పరభాష పట్టువడకమునుపే ఇంకను రెండు! పరీక్ష ఆరు మాసముల కొకమారు. మిగిలియున్న గడువు అయిదు మాసములు. నిమిషము నిమిషమునకు కాలపట్టిక వేసికొనెను. ఇంత కట్టుదిట్టముగా దినమును పంచుకొన్నవాడు ఉత్తీర్ణుడై తీరవలెను గదా? లాటినులో తప్పెను. పట్టిక కాలమును పంచిపెట్టునే గాని జ్ఞాపకశక్తిని పెట్టదు. మరల కూర్చుండి చదివి, రెండవమారు నెగ్గెను. లాటినుపై కలిగిన ఆ అభిరుచితోనే రోమను న్యాయశాస్త్రమును మూలములోనే చదివెను. అటుపై ఇంగ్లండు న్యాయశాస్త్ర గ్రంథములతో తొమ్మిది మాసముల కుస్తీ.

వీనితోపాటు టరములు నిలుపుకొనుట అను వింత నిబంధన ఒకటి. పండ్రెండు టరములు, అనగా సుమారు మూడేండ్లు. టరమునకు ఇరువదినాలుగు విందులు జరుగగా, కనీసము ఆరింటికి హాజరు పడవలెను. తిన్నను తినకున్నను డబ్బు చెల్లింపవలసినదే. నలుగురు విద్యార్థుల బల్లకు రెండు సీసాల సారా ఇచ్చెడివారు. ఇతడు త్రాగడు గనుక తమ బల్లకు రమ్మని పిలుచువారు మెండు! విందు తేదీలు, పరీక్ష గడువులు, నడచిన మైళ్లు, ఉడికించిన జావ, చెల్లించిన కాసులు: దినవారీ పద్దు అని ప్రక్కకు పెట్టిన పుటలలో ఇట్టివి గాక మరేమి యుండగలవు? కథను గాంధీజీ ముసలితనపు వాకిట మరల చెప్పగలిగిరి, చెప్పిరి. ఒకనాటి రాత్రి నిలువలో పెన్నీ తక్కువైనప్పుడు వ్రాసికొన్న మాటను ఎవ్వరును మరల చెప్పజాలరు. నకలు చేయువానికి ఓపిక ఇరువది పుటలకే ఉన్నచో, ఆ పద్దునుండి పది పుటలైనను తీసికొనియుండిన బాగుండెడిదని నా యాశ.

అయినను ఆ లెక్కల జాడ పూర్తిగా మాసిపోలేదు. 1893-94 ప్రాంతమున దక్షిణాఫ్రికాలో గాంధీజీ లండనుకు పోవు భారత విద్యార్థులకై ఇంగ్లీషున ఒక మార్గదర్శిని వ్రాసిరి. అది వారి జీవితకాలమున అచ్చు పడలేదు. వారమునకు ఒక పౌనుతో లండనులో ఎట్లు బ్రతుకవచ్చునో అందు వివరించిరి. ఏ బట్ట యెంత, ఏ పూట భోజనమెంత అని వస్తువువారీగా చెప్పగలుగుట కేవలము జ్ఞాపకమువలన కాదేమో అనిపించును.

భాషాసాధన ఫలము అంతకంటె ముందే కనిపించినది. 1891 ఫిబ్రవరి నుండి లండనులోని ‘వెజిటేరియన్’ పత్రికలో మోహనదాసు వ్యాసములు వెలువడినవి: భారతదేశపు శాకాహారులను గూర్చి, మన పండుగలను గూర్చి. వాక్యము సాపుగా, తేటగా నడచును. నోటి సంగతి మాత్రము మారలేదు. స్వదేశమునకు తిరుగు ప్రయాణమునకు ముందు హోబర్న్ భోజనశాలలో శాకాహార మిత్రులకు విందుచేసి, అడిసను కథ ఒకటి చమత్కారముగా చెప్పవలెనని లేచి, మొదటి వాక్యముతోనే మరచిపోయి, వచ్చినందులకు కృతజ్ఞతలు చెప్పి కూర్చుండెను. 1891 జూన్ 10న బారిస్టరుగా స్వీకృతుడై, 11న హైకోర్టులో పేరు నమోదు చేయించి, 12న ఓడ ఎక్కెను. మూడేండ్ల చదువునకు పిమ్మట లండనులో బారిస్టరుగా గడపినది రెండు దినములైనను లేదు.

ఈ కథలో మరియొక ఓడ కలదు. 1909 నవంబరులో గాంధీజీ లండనునుండి దక్షిణాఫ్రికాకు తిరిగిపోవుచు కిల్డొనన్ కాజిల్ అను ఓడలో, ఓడవారి కాగితముల మీద, 13వ తేదీ మొదలు 22వ తేదీ వరకు పది దినములలో ‘హింద్ స్వరాజ్’ వ్రాసిరి. కుడిచేయి నొచ్చినప్పుడు ఎడమచేతితో సుమారు నలువది పుటలు వ్రాసిరి. ఈసారి భాష గుజరాతి. పాఠశాలలో గణితమును, రసాయనశాస్త్రమును నాలుగేండ్లలో నేర్చినది మాతృభాషలో ఒక్క యేటిలో నేర్చియుందునని 1938లో ‘హరిజన్’ పత్రికలో వాపోయిరి. ఆ మాట వ్రాసినది ఇంగ్లీషులో. భాష మారినను డైరీపై వారికిగల పట్టు సడలలేదు. 1930లో దండియాత్రకు తమవెంట నడచినవారికి ప్రార్థన, రాట్నము వలెనే దినచర్య వ్రాయుటయు నియమముగా విధించిరి.

లండను డైరీ 1920లో ఛగన్‌లాల్ చేతినుండి మహాదేవ దేశాయి చేతికి వచ్చినది. ఆత్మకథను ఇంగ్లీషులోనికి తెచ్చినవారు ఆయనయే. 1917 మొదలు గాంధీజీ దినదినచర్యను గుజరాతీలో వ్రాసి భద్రపరచినవారును ఆయనయే. 1942 ఆగస్టు 15వ తేదీన పూనాలోని ఆగాఖాన్ భవనమున, గాంధీజీతోపాటు నిర్బంధములో నుండగా, ఆయన కన్నుమూసిరి. సమగ్ర రచనల సంపాదకులు మూలప్రతికై వెదకునాటికి ఆ పుస్తకము కానరాలేదు. వారికి దొరకినది ఛగన్‌లాల్ వ్రాసికొన్న ఆ ఇరువది పుటల నకలు.